బ్యాట్స్‌మన్‌కు ఇన్ని ప్యాడ్లు, గార్డులు ఎందుకు? పన్నెండేళ్ల పిల్లవాడికి ముందు ఏవి కొనాలి?

కావలి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. పన్నెండేళ్ల కొడుకును ఈ మధ్యే నెల్లూరులో లెదర్ బాల్ కోచింగ్‌లో చేర్చారు. కోచ్ ప్యాడ్లు, గ్లవ్స్, గార్డు, థై ప్యాడ్, హెల్మెట్ అంటూ చీటీ రాసిచ్చారు. ధరలు విన్నాక ఇంట్లో చర్చ మొదలైంది. పిల్లవాడి తండ్రి చిన్నప్పుడు ఊళ్లో కార్కు బంతితో ఒంటిమీద ఏమీ లేకుండానే ఆడారట. ఇవన్నీ తగిలిస్తే వాడు పిరికివాడైపోతాడని ఆయన అభిప్రాయం. ఇన్ని నిజంగా అవసరమా, ముందు ఏది కొనాలి, బంధువుల అబ్బాయి వాడి వదిలేసిన కిట్ పనికొస్తుందా అని ఆమె అడిగారు.

అమ్మా, ఒంగోలు, నెల్లూరు మైదానాల్లో చాలా ఏళ్లు ఆడాను. తర్వాత పిల్లలకు నేర్పాను, అంపైరుగానూ నిలబడ్డాను. మీవారు చెప్పింది అబద్ధం కాదు. సంక్రాంతికి ఊరూరా పోటీలు జరిగేవి. పెన్నా ఇసుకలోనో, కోతలైన పొలంలోనో వికెట్లు పాతి ఆడేవాళ్లు. రెండు జట్లకూ కలిపి ఒక జత ప్యాడ్లు ఉంటే అదే గొప్ప. కానీ ఆ ఆటలో బ్యాట్స్‌మన్ ఎలా ఆడేవాడో ఒకసారి ఆయన్నే గుర్తు చేసుకోమనండి. బంతి కాళ్ల మీదికి వస్తే పక్కకు జరిగి ఊపేవాడు. అడ్డంగా కొట్టేవాడు. తగిలితే సిక్సరు, లేకపోతే బౌల్డు. కాలు బంతి దారిలో పెట్టి, తల దాని మీదికి తెచ్చి, నిటారు బ్యాటుతో ఆపిన వాళ్లు ఎంతమంది? ఆ పద్ధతి తెలియక కాదు, ఒట్టి మోకాలి చిప్పను కార్కు బంతికి ఎదురుగా ఎవరు పెడతారు? మీ బాబు కోచింగులో నేర్చుకోబోయేది సరిగ్గా ఆ పనే. బంతి ఎటు వస్తే ఒళ్లు అటు తీసుకెళ్లడం. ప్యాడ్లు, గార్డులు లేకుండా ఆ చదువు మొదలే కాదు. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే, మిగతాదంతా దీనికి వివరణ.

మొదట బంతి సంగతి చూద్దాం. నిబంధనల ప్రకారం పురుషుల క్రికెట్ బంతి 155.9 నుంచి 163 గ్రాముల మధ్య తూగాలి. పదమూడేళ్ల లోపు పిల్లలు ఆడేది 133 నుంచి 144 గ్రాములు. లోపల కార్కు గుండు, దాని చుట్టూ బిగించి చుట్టిన దారం, పైన తోలు, నడుమ పొంగి ఉండే కుట్టు. బొటనవేలితో ఎంత అదిమినా లొంగదు. టెన్నిస్ బంతి 58 గ్రాములు, లోపల గాలే. బరువులో తేడా మూడు రెట్లకు కాస్త తక్కువ. అంతకన్నా పెద్ద తేడా మరొకటి ఉంది. టెన్నిస్ బంతి ఒంటికి తగిలితే తానే నొక్కుకుపోతుంది, దెబ్బలో సగం అదే మింగేస్తుంది. లెదర్ బంతి నొక్కుకోదు. నొక్కుకోవలసినది మన చర్మం, కండ, చివరికి ఎముక.

ఇక వేగం. 160 గ్రాముల బంతి గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వస్తే అందులో దాదాపు 89 జౌల్‌ల (శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి ఉంటుంది. కిలో బరువును 9 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీది నుంచి వదిలితే కింద పడేటప్పుడు ఉండే శక్తి అది. మీ బాబు వయసు వాళ్లు వేసే బంతి అంత వేగంగా రాదు నిజమే. పిల్లల బంతి 80 కిలోమీటర్ల వేగంతో వస్తే 35 జౌల్‌ల దాకా ఉంటుంది. అయితే మన ఊళ్ల నెట్స్‌లో, అంటే వల కట్టి సాధన చేసే చోట, వయసుల వారీగా విడదీసి ఆడించడం అన్ని రోజులూ కుదరదు. పదహారేళ్ల కుర్రవాడు పరుగెత్తుకొచ్చి పన్నెండేళ్ల వాడికి బంతి వేస్తున్న దృశ్యం ఏ సాయంత్రం వెళ్లినా కనిపిస్తుంది. శక్తి వేగంతో సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది. ఆ నాలుగేళ్ల తేడా ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

తప్పుకుంటే సరిపోదా అని మీవారు అడగవచ్చు. పిచ్ 22 గజాలు, 20.12 మీటర్లు. బౌలర్ క్రీజు నుంచి బ్యాట్స్‌మన్ క్రీజు దాకా 17.68 మీటర్లే. 120 కిలోమీటర్ల బంతి ఆ దూరం రావడానికి కాస్త అటూఇటూగా అర సెకను పడుతుంది. కంటికి కనిపించినది మెదడుకు అంది, ఒళ్లు కదలడం మొదలవడానికే సెకనులో అయిదో వంతు పోతుంది. మిగిలిన వ్యవధిలో బంతి ఎక్కడ పడుతుందో, ఎంత లేస్తుందో, లోపలికి వస్తుందో బయటికి పోతుందో తేల్చుకోవాలి. ఎంత గొప్ప ఆటగాడైనా కొన్ని బంతులకు ఈ లెక్క తప్పుతాడు. అలా తప్పిన బంతి ఎక్కడో ఒకచోట తగులుతుంది.

ప్యాడ్ చేసే పని ఏమిటంటే, బంతి ఆగే సమయాన్ని పెంచడం, దెబ్బ పడే చోటును వెడల్పు చేయడం. బంతిలోని ఊపు ఎలాగూ ఆగాలి. అది ఒక మిల్లీసెకనులో ఆగితే ఎంత బలం పడుతుందో, అయిదు మిల్లీసెకన్లు తీసుకుని ఆగితే అందులో అయిదో వంతే పడుతుంది. అందుకే మంచి ప్యాడ్‌లో పైన గట్టి పొర, లోపల మెత్తని పొర రెండూ ఉంటాయి. ఒట్టి మెత్తని స్పాంజి అయితే బంతి దాన్ని ఒక్కచోటే అణిచేసి ఎముకను చేరుతుంది. ఒట్టి గట్టి పలక అయితే దెబ్బ దాని గుండా నేరుగా లోపలికి దిగుతుంది. గట్టి పొర దెబ్బను పరుస్తుంది, మెత్తని పొర నెమ్మదింపజేస్తుంది. పాతకాలపు ప్యాడ్లలో నిలువుగా బెత్తాలు, వాటి వెనుక దూది ఉండేవి. చెమటకు, వర్షానికి తడిసి బరువెక్కేవి. ఇప్పటి వాటిలో బెత్తం ఉన్నవీ ఉన్నాయి, గట్టి ఫోమ్ వాడినవీ ఉన్నాయి. తేలిగ్గా ఉంటాయి, సూత్రం మాత్రం అదే.

ఒంట్లో ఒక్కో చోటుకు ఒక్కో రకం రక్షణ ఎందుకో కూడా చెబుతాను. మోకాలి కింద ముందుభాగం తడిమి చూడండి. చర్మం, వెంటనే ఎముక. మధ్యలో కండ లేదు. అందుకే కాళ్ల ప్యాడ్లు అన్నిటికన్నా ముందు పుట్టాయి. తొడకు కండ ఉంది కాబట్టి ఫరవాలేదనుకుంటారు. అదే కండకు బలమైన దెబ్బ తగిలితే లోపల రక్తం గడ్డకడుతుంది, మర్నాడు మెట్లు దిగలేరు. అది పూర్తిగా తగ్గకముందే మళ్లీ అక్కడే తగిలితే వారాల తరబడి ఆట ఆగిపోతుంది. కుడిచేతి ఆటగాడికి ఎడమ తొడ ముందుకు ఉంటుంది కనుక థై ప్యాడ్ అటు కట్టాలి. కొత్త పిల్లలు తరచూ తిరగేసి కడతారు. మొదటి రోజు మీరు ఒకసారి చూడండి.

గ్లవ్స్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తల్లిదండ్రులు అన్నిటికన్నా తేలిగ్గా తీసుకునేది వీటినే. ఒక జత చేతిలోకి తీసుకుని రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకలా ఉండవు. కింది చేతి గ్లవ్‌లో చూపుడువేలు, మధ్యవేలు ఉండేచోట గట్టి పలుకులు ఎక్కువగా అమర్చి ఉంటాయి. బ్యాటు పట్టుకున్నప్పుడు కింది చేతి వేళ్లు పిడిని చుట్టి బౌలర్ వైపు ఉంటాయి. బంతి వచ్చి తగిలితే ఆ వేలు వెనక్కి తప్పుకోలేదు. వెనుక పిడి ఉంది, ముందు బంతి ఉంది. రెంటి మధ్య నలుగుతుంది. ఒట్టి దెబ్బకు వాచి ఊరుకునే వేలు ఈ నలుగుడుకు విరుగుతుంది. కుడిచేతి ఆటగాడికి ఆ కింది చేయి కుడిచేయి, అంటే రాసే చేయి. ఒంగోలులో ఒక కుర్రవాడు పాత గ్లవ్స్‌తో నెట్స్‌కు వచ్చేవాడు. చూపుడువేలి దగ్గర కుట్టు విడిపోయి లోపలి గట్టి పలుకు ఎప్పుడో జారిపోయింది. పైకి చూస్తే గ్లవ్ బాగానే ఉంది. ఫిబ్రవరిలో ఒక మామూలు గుడ్ లెంగ్త్ బంతి కాస్త లేచి ఆ వేలికే తగిలింది. కొన ఎముక విరిగింది. మార్చిలో పదో తరగతి పరీక్షలు వేరొకరి చేత రాయించుకోవలసి వచ్చింది. బాగా చదివే పిల్లవాడు, లెక్కలు నోటితో చెప్పి రాయించడం ఎంత కష్టమో వాడి ముఖంలో చూశాను. గ్లవ్ కొనేటప్పుడు రంగు, కంపెనీ పేరు తర్వాత చూడండి, ముందు ఒక్కో వేలినీ పైనుంచీ పక్కనుంచీ నొక్కి చూడండి. గట్టిగా తగలాలి. బొటనవేలికి విడిగా గట్టి తొడుగు ఉండాలి. ఇంటికి తెచ్చాక కూడా నెలకోసారి అలా నొక్కి చూడండి.

గార్డు గురించి ఇళ్లలో మాట్లాడటానికి మొహమాటపడతారు. పిల్లలు సిగ్గుతో అడగరు, తండ్రులు చెప్పరు, తల్లికి తెలియదు. కాబట్టి నేను సూటిగా చెబుతాను. పొత్తికడుపు కింద, వృషణాలకు రక్షణగా లోదుస్తుల లోపల పెట్టుకునే గట్టి ప్లాస్టిక్ డొప్ప అది. చీటీలోని వస్తువుల్లో ధర అన్నిటికన్నా తక్కువ దానికే. అది లేకుండా పిల్లవాడు లెదర్ బంతికి ఎదురుగా ఒక్క నిమిషం కూడా నిలబడకూడదు, ఎదురుగా స్పిన్నరు ఉన్నా సరే. ఇతరులది అరువు తెచ్చుకోకూడదు, వాడిది వాడికే ఉండాలి, రోజూ సబ్బుతో కడగాలి. ఒకవేళ అక్కడ దెబ్బ తగిలి వాపు వస్తే, నొప్పి తగ్గకపోతే, వాంతి అయితే రేపు చూద్దాం అనుకోవద్దు. అదే గంటలో సర్జన్ దగ్గరికి తీసుకెళ్లాలి. కొన్ని గాయాల్లో కొద్ది గంటల ఆలస్యం వల్లే అవయవం పోతుంది. సిగ్గు వల్ల చెప్పకుండా రాత్రంతా బాధ ఓర్చుకునే పిల్లలు ఉంటారు. అమ్మకైనా నాన్నకైనా వెంటనే చెప్పాలని వాడికి ముందే చెప్పి ఉంచండి. ఆడపిల్లలకూ వారికి తగిన గార్డులు దొరుకుతాయి, వాళ్లూ వాడాలి.

ఇప్పుడు పిరికితనం సంగతి. నెట్స్‌లో కొత్త పిల్లవాణ్ణి పక్కనుంచి గమనిస్తే మీకే అర్థమవుతుంది. తొడకు ప్యాడ్ లేని వాడు బంతి చేయి విడవగానే వెనక్కాలును స్క్వేర్ లెగ్ అంపైర్ వైపు, అంటే బంతికి దూరంగా, లాగేస్తాడు. బెత్తెడు దూరమే, కానీ ఆ బెత్తెడుతో తల పక్కకు పోతుంది, బ్యాటు అడ్డంగా వస్తుంది, ఆఫ్ స్టంప్ (మూడు వికెట్లలో బ్యాట్స్‌మన్ కాళ్లకు దూరంగా ఉండేది) మీది బంతికి చేతులు చాచి ఆడవలసి వస్తుంది. కీపర్ పక్కన స్లిప్‌లో క్యాచ్ ఇస్తాడు. కోచ్ “కాలు జరపకు” అని ఎంత అరిచినా లాభం లేదు, కాలు జరుపుతున్నది వాడి బుద్ధి కాదు, ఒళ్లు. తొడకు, చేతికి రక్షణ కట్టించి, మొదట మెత్తని బంతితో నాలుగు ఓవర్లు వేయించి, తర్వాత లెదర్ బంతికి మారిస్తే చాలామందిలో ఆ కాలు తనంతట తానే నిలబడటం చూశాను. దెబ్బ తగిలినా ఏమీ కాలేదని ఒంటికి ఒకసారి తెలిస్తే, ఆపైన కళ్లు బంతిని చివరిదాకా చూస్తాయి. ధైర్యం నూరిపోస్తే వచ్చేది కాదు, ఒంటికి నమ్మకం కలిగితే వస్తుంది.

2021 జనవరిలో బ్రిస్బేన్‌లో పుజారా ఆడిన ఇన్నింగ్స్ మీవారు చూసే ఉంటారు. 211 బంతుల్లో 56 పరుగులు. ఆస్ట్రేలియా పేసర్ల బంతులు భుజానికి, ఛాతీకి, వేళ్లకు, హెల్మెట్‌కు తగిలాయి. బ్యాటు అడ్డుపెడితే క్యాచ్ లేచే బంతులను ఆయన కావాలని ఒంటిమీద తీసుకున్నాడు. 328 పరుగుల లక్ష్యాన్ని మన జట్టు ఆ రోజే ఛేదించింది. ఆ రోజు పుజారాను పిరికివాడని ఎవరైనా అన్నారా? ఒంటిమీద ఆ రక్షణ లేకపోతే అలాంటి ఇన్నింగ్స్ ఆలోచనకే అందదు. వెస్టిండీస్ బ్యాట్స్‌మన్ వివ్ రిచర్డ్స్ హెల్మెట్ పెట్టుకోలేదు కదా అని కొందరు పెద్దలు వాదిస్తారు. నిజమే, పెట్టుకోలేదు. ప్యాడ్లు, గ్లవ్స్ మాత్రం వేసుకునే ఆడాడు. లక్షలో ఒకడికి ఉండే చూపును చూసి పన్నెండేళ్ల పిల్లవాడి తలకు పూచీ పడలేం.

ఒంటిమీద అన్నీ ఉన్నా దెబ్బలు తగలవని కాదు. అప్పటి మన ఆంధ్ర కెప్టెన్ హనుమ విహారికే 2023లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో రంజీ క్వార్టర్‌ఫైనల్ ఆడుతుండగా అవేశ్ ఖాన్ బౌన్సర్ (నేలకు తగిలి ఛాతీ, తల ఎత్తుకు లేచే బంతి) తగిలి ఎడమ మణికట్టు విరిగింది. ఆ చేయి బౌలర్ వైపు పెట్టలేక, తర్వాత ఎడమచేతి వాటంగా నిలబడి ఒంటి చేత్తో ఆడాడు. గ్లవ్‌కూ మోచేతి గార్డుకూ మధ్య, హెల్మెట్‌కూ భుజానికీ మధ్య, థై ప్యాడ్‌కూ మోకాలి పైభాగానికీ మధ్య సందులు ఉంటూనే ఉంటాయి. కదలాలంటే ఉండక తప్పదు. అందుకే గార్డులు కట్టించడంతో పాటు బౌన్సర్‌కు తల వంచడం, కళ్లు బంతి మీదే ఉంచి పక్కకు వాలడం కూడా కోచ్ నేర్పాలి. నేర్పుతున్నారో లేదో అడగండి.

తల విషయంలో మాత్రం ఏ సందూ మిగలకూడదు. 1962లో బార్బడోస్‌లో మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్‌కు చార్లీ గ్రిఫిత్ బంతి తగిలి పుర్రె చిట్లింది. వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్ తన రక్తం ఇచ్చాడు. కాంట్రాక్టర్ బతికాడు కానీ మళ్లీ టెస్టు ఆడలేదు. అప్పటికి హెల్మెట్లు లేవు. 1978లో ఆస్ట్రేలియా ఆటగాడు గ్రాహం యాలప్ టెస్టు మ్యాచ్‌లో మొదటిసారి హెల్మెట్ పెట్టుకున్నది కూడా బార్బడోస్‌లోనే. ఆ తర్వాత క్రమంగా అందరూ వాడడం మొదలుపెట్టారు. 1998లో ఢాకాలో మన దేశపు మాజీ ఆటగాడు రమణ్ లాంబా బ్యాట్స్‌మన్‌కు అతి దగ్గరగా ఉండే షార్ట్ లెగ్‌లో హెల్మెట్ లేకుండా నిలబడి, బంతి తలకు తగిలి మూడు రోజుల తర్వాత చనిపోయాడు. ఆయన అప్పుడు బ్యాటింగ్ చేయడం లేదు, ఫీల్డింగ్ చేస్తున్నాడు. పిల్లలను షార్ట్ లెగ్‌లో, సిల్లీ పాయింట్‌లో నిలబెట్టేటప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తుకు రాదు.

2014 ఆగస్టులో మాంచెస్టర్‌లో మన వరుణ్ ఆరన్ బంతి ఇంగ్లండ్ ఆటగాడు స్టువర్ట్ బ్రాడ్ హెల్మెట్ ముందు అంచుకూ ముఖానికి అడ్డంగా ఉండే జాలీకీ మధ్య ఉన్న సందులోంచి దూరి ముక్కు విరగ్గొట్టింది. హెల్మెట్ ఉంది, జాలీ ఉంది, సందు కూడా ఉంది. మీ బాబు విషయంలో ఇది ఇంకా ముఖ్యం. పిల్లల బంతి పెద్దల బంతికన్నా చిన్నది. పెద్దల బంతిని ఆపే సందు పిల్లల బంతిని ఆపకపోవచ్చు. హెల్మెట్ కొనడానికి వెళ్లేటప్పుడు మీ బాబు ఆడే బంతినే జేబులో వేసుకుని వెళ్లండి. అంచుకూ జాలీకీ మధ్య పెట్టి బొటనవేలితో గట్టిగా తోయండి. దూరితే ఆ హెల్మెట్ వద్దు. అదే సంవత్సరం నవంబరు 25న సిడ్నీలో ఆస్ట్రేలియా ఆటగాడు ఫిలిప్ హ్యూస్‌కు బౌన్సర్ హెల్మెట్ కింద మెడకు తగిలింది. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం చిట్లి రెండు రోజులకు మరణించాడు. ఆ తర్వాతే హెల్మెట్ వెనుక మెడకు అడ్డంగా నిలిచే నెక్ గార్డులు వాడకంలోకి వచ్చాయి. విడిగా దొరుకుతాయి, హెల్మెట్‌కు తగిలించుకోవచ్చు. అవీ కొనండి.

హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది. లోపల మెదడు కుదుపుకు లోనుకాకుండా పూర్తిగా ఆపలేదు. తలకు దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, కళ్లు మసకలు, ఏం జరిగిందో గుర్తులేకపోవడం, మామూలుగా లేని మగత, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. వాడు “బాగానే ఉన్నాను” అన్నా సరే బయటికి తీసుకురావాలి, డాక్టరుకు చూపించాలి. 2019 ఆగస్టు నుంచి అంతర్జాతీయ మ్యాచ్‌లలో ఇలాంటప్పుడు మరో ఆటగాణ్ణి దింపే వీలు కల్పించారు. ఆ నెలలోనే లార్డ్స్‌లో జోఫ్రా ఆర్చర్ బంతి మెడకు తగిలిన స్టీవ్ స్మిత్ బదులు లబుషేన్ దిగాడు. స్మిత్ లాంటి వాణ్ణే కూర్చోబెట్టినప్పుడు మన జిల్లా మ్యాచ్‌లో పిల్లవాణ్ణి “ఒక్క ఓవర్ చూడు” అని నిలబెట్టడం క్షమించరాని పని. ఇంకొక మాట. ఛాతీకి, గుండె ఉన్నచోట దెబ్బ తగిలి పిల్లవాడు కుప్పకూలి శ్వాస ఆడకపోతే, నీళ్లు చల్లుతూ కూర్చోకూడదు. వెంటనే ఛాతీ నడుమ బలంగా, వేగంగా నొక్కడం మొదలుపెట్టి, మరొకరు 108కు ఫోన్ చేయాలి. చాలా అరుదు, కానీ లేత వయసు పిల్లల్లోనే ఎక్కువ. మీ కోచింగ్‌లో ఇది తెలిసిన వాళ్లు ఒకరైనా ఉన్నారా అని అడగడం తప్పేమీ కాదు.

ఒక అంపైరుగా ప్యాడ్ల గురించి ఇంకొకటి చెప్పాలనిపిస్తోంది. ప్యాడ్ ఉంది కదా అని కాలితో బంతిని ఆపే అలవాటు పిల్లలకు త్వరగా పట్టుకుంటుంది. ఇది కొత్త జబ్బు కాదు. బ్యాటుకు బదులు కాలు అడ్డుపెట్టేవాళ్లను ఆపడానికే 1774 నాటి నిబంధనల్లో ఎల్బీడబ్ల్యూ (వికెట్లకు తగలబోయే బంతిని కాలితో ఆపితే అవుట్) వచ్చింది. ప్యాడ్లు దిట్టంగా మారాక ఆఫ్ స్టంప్ బయట పడే బంతులను ధైర్యంగా కాలితో నెట్టడం పెరిగింది. అందుకని 1935లో ఆఫ్ స్టంప్ బయట పడి లోపలికి వచ్చే బంతికీ అవుట్ ఇవ్వవచ్చని మార్చారు. అయినా 1957లో బర్మింగ్‌హామ్‌లో ఇంగ్లండ్ ఆటగాళ్లు పీటర్ మే, కోలిన్ కౌడ్రీ వెస్టిండీస్ బౌలర్ రామదీన్ స్పిన్‌ను ప్యాడ్లతో విసిగించి విసిగించి 411 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పారు. షాట్ ఆడే ప్రయత్నమే చేయనివాడికి ఆఫ్ స్టంప్ బయట తగిలినా అవుట్ ఇచ్చే నిబంధన ఆ తర్వాతి కాలంలో వచ్చింది. బ్యాటు పట్టుకున్న చేతి గ్లవ్‌కు తగిలితే బ్యాటుకు తగిలినట్టే లెక్క అని కూడా బాబుకు చెప్పండి. గ్లవ్‌కు తగిలి కీపర్ పట్టుకుంటే అవుటే.

మన ప్రాంతానికి సంబంధించిన రెండు సంగతులు. నెల్లూరు వి.ఆర్. కళాశాల మైదానం కావచ్చు, ఒంగోలు శర్మ కళాశాల మైదానం కావచ్చు, పచ్చిక పిచ్ మీద ఆడే భాగ్యం ప్రతి పిల్లవాడికీ రోజూ దక్కదు. చిన్న ఊళ్లలో సిమెంటు మీద పీచు మ్యాట్ పరిచి ఆడతారు. మ్యాట్ మీద బంతి నిట్టనిలువుగా లేస్తుంది. పచ్చిక మీద మోకాలి ఎత్తుకు వచ్చే బంతి ఇక్కడ నడుముకు, పక్కటెముకలకు వస్తుంది. మ్యాట్ సరిగ్గా బిగించకపోతే ముడత మీద పడి ఎటు పోతుందో తెలియదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, మైదానాలు తడిసి ఉంటాయి. ఆ రోజుల్లో ఆట దాదాపు మ్యాట్ మీదే. కాబట్టి థై ప్యాడ్‌ను మీ చీటీలో అనవసర వస్తువుగా కొట్టేయవద్దు, ఇక్కడ దాని అవసరం ఎక్కువ.

రెండోది ఎండ, ఉక్కపోత. మే నెలలో సముద్రపు గాలి తగ్గిన పూట హెల్మెట్ కింద చెమట కళ్లలోకి కారుతుంది, గ్లవ్ లోపల చేయి జారుతుంది. పిల్లలు హెల్మెట్ తీసేస్తామనేది అప్పుడే. తీయనివ్వకూడదు. తలకు పల్చటి నూలు గుడ్డ, చేతులకు నూలు ఇన్నర్ గ్లవ్స్ ఇవ్వండి, నీళ్లు ఎక్కువసార్లు తాగించండి, నెట్స్ పొద్దున్నే పెట్టమని కోచ్‌ను అడగండి. తడిసిన గ్లవ్స్‌ను మిద్దె మీద మండుటెండలో ఆరబెడితే అరచేతి తోలు అట్టలా బిగుసుకుపోయి పగులుతుంది. నీడలో, గాలి ఆడేచోట ఆరేయాలి. తడి కిట్‌ను బ్యాగులో మూసిపెడితే మర్నాటికి వాసన, తర్వాత చర్మానికి తామర.

ఇక కొనడం. డబ్బు ఒక్కసారిగా సర్దుబాటు కాకపోతే ముందు గార్డు, హెల్మెట్ కొనండి. ఈ రెండూ వాడి కొలతకు, వాడి సొంతంగా ఉండాలి. తర్వాత గ్లవ్స్. కాళ్ల ప్యాడ్లు చాలా కోచింగ్ సెంటర్లలో అందరికీ కలిపి ఉంటాయి, కొన్నాళ్లు వాటితో గడపవచ్చు. థై ప్యాడ్ మ్యాట్ మీద ఆడే ముందు కొనాలి. మోచేతి గార్డు, ఛాతీ గార్డు వేగంగా వేసే పెద్ద పిల్లలతో ఆడే రోజు వచ్చాక చూసుకోవచ్చు. జాలీ స్టీలుది చాలు. టైటానియం తేలిగ్గా ఉంటుంది, ధర ఎక్కువ, ఈ వయసులో అవసరం లేదు. రెండేళ్ల తర్వాత కూడా సరిపోతుందని పెద్ద సైజు కొనవద్దు. హెల్మెట్ పెట్టుకుని తల విదిలిస్తే కదలకూడదు, అంచు కనుబొమల పైన ఉండాలి, గడ్డం పట్టీ బిగించాకే సరిపోయిందో లేదో తేల్చాలి. ప్యాడ్ కట్టుకుని ఆడే భంగిమలో వంగి నిలబడితే మోకాలి చిప్ప సరిగ్గా ప్యాడ్ మీది మోకాలి గుంటలో కూర్చోవాలి. పెద్ద ప్యాడ్ కట్టిన పిల్లవాడు పరుగు తీయలేక రనవుట్ అవుతాడు, ఒక్కోసారి కాలికి కాలు తగిలి పడతాడు. పట్టీల కొసలు కాలి బయటి వైపుకు రావాలి.

బంధువుల అబ్బాయి పాత కిట్‌లో ప్యాడ్లు తీసుకోవచ్చు, మోకాలి దగ్గర నొక్కితే ఫోమ్ మళ్లీ పొంగుతుంటే, పట్టీలు ఊడిపోకుండా ఉంటే. గ్లవ్స్ పైన చెప్పినట్టు ఒక్కో వేలూ నొక్కి చూసి తేల్చండి. గార్డు వద్దు. హెల్మెట్ కూడా వద్దు. దానికి ఎప్పుడు ఎంత దెబ్బ తగిలిందో మీకు తెలియదు, చాలాసార్లు వాడుకున్న వాడికీ గుర్తుండదు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి చెక్కుచెదరకుండా కనిపించినా లోపలి ఫోమ్ నలిగి ఉండవచ్చు, రెండోసారి అంత కాపాడదు. మీరు కొన్న కొత్తదానికైనా అలాంటి దెబ్బ తగిలితే మార్చవలసిందే. కోచ్ చేత్తోనో, కర్రతోనో విసిరే త్రోడౌన్లకు కూడా హెల్మెట్ పెట్టుకోవాలి. దూరం తక్కువ కాబట్టి బంతి ఇంకా త్వరగా వస్తుంది. పక్క నెట్‌లో ఎవరైనా ఆడుతుంటే, తన వంతు కోసం నిలబడి ఉన్నప్పుడూ బంతికి వీపు తిప్పి కూర్చోవద్దని చెప్పండి. బాబు ఎత్తు, తల చుట్టుకొలత, ఏ చేతివాటమో రాస్తే ఏ సైజులు అడగాలో చెబుతాను.